గోవిందా అనలేకపోతే ఆగండి

సంపాదకులకు నమస్కారం.

అలిపిరి మెట్ల మీద ఎవరైనా కుప్పకూలినప్పుడల్లా మీ జిల్లా పేజీలో నాలుగు లైన్లు వేస్తారు. ఫలానా ఊరు, ఇంత వయసు, గుండెపోటు, ఆస్పత్రికి తరలించేలోపే అని. దాని కింద బంగారం ధర మొదలైపోతుంది. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైనవాణ్ణి, శనివారం శనివారం మెట్లెక్కే అలవాటున్నవాణ్ణి. ఆ నాలుగు లైన్ల కింద, ఇలా ఎందుకవుతుందో, కాకుండా ఏం చెయ్యాలో ఐదో లైను ఒకటి రాయొచ్చు కదా అని ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నా. నాకు తెలిసినంత నేనే రాస్తున్నా, ఒక్క లైనులో ఆగదు గానీ.

ముందు నా పరువు తీసుకుంటా. రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగా పలమనేరు నుంచి మా అక్క కొడుకు వచ్చాడు, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నవాడు, 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు కొట్టాలని రోజూ పరిగెత్తుతున్నవాడు. "మామా, గాలిగోపురం దాకా పందెమా?" అన్నాడు. డ్రిల్లు మాస్టారికి పౌరుషం ఉండదా? తెల్లవారుజామున కాఫీ తాగి, పాదాల మండపం దగ్గర దండం పెట్టుకుని, రెండేసి మెట్లు చొప్పున ఎత్తుకున్నా. రెండొందలో మెట్టు దాటేసరికి తొడలు రాళ్లయిపోయాయి, చెవుల్లో గుండె చప్పుడు, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. ఒక పక్కకి కూలబడి తాగిన కాఫీ కక్కుకున్నా. అప్పుడే ఒక పెద్దావిడ, డెబ్బై ఏళ్లుంటాయి, మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ నా దాకా వచ్చింది, నన్ను చూసి "ఏం నాయనా, ఎండదెబ్బ తగిలిందా?" అంది. టైము ఉదయం ఐదున్నర.

ఆవిడ ఆ రోజు పైకి చేరే ఉంటుంది. నేను కిందికి దిగి ఆటో ఎక్కా.

జరిగిందేమిటంటే, మన కండ ఏ పని చేసినా ఏటీపీ అనే ఒకే ఒక సరుకుతో చేస్తుంది. అది కండలో నిలవ ఉండేది రెండు మూడు సెకన్ల పనికి సరిపడా మాత్రమే, కాబట్టి అయిపోయేది అయిపోతూనే మళ్లీ తయారవుతుండాలి. తయారు చెయ్యడానికి ఒంట్లో మూడు పొయ్యిలున్నాయనుకోండి. మొదటిది హారతి కర్పూరం లాంటిది, క్రియాటిన్ ఫాస్ఫేట్ అంటారు, భగ్గుమంటుంది, పది సెకన్లలో అయిపోవస్తుంది. వంద మీటర్ల పరుగు, లాంగ్ జంప్, బస్సు కదిలిపోతుంటే పట్టుకోవడం, ఇవన్నీ దీని మీదే. రెండోది ఎండు కొబ్బరాకు మంట. కండలోని చక్కెరను ఆక్సిజన్ లేకుండానే గబగబా విరగ్గొట్టి సరుకు తీస్తుంది, నిమిషం రెండు నిమిషాలు బ్రహ్మాండంగా మండుతుంది, తర్వాత తొడలు భగ్గుమని కాళ్లు ఆడవు. మూడోది చింతమొద్దు. అంటుకోవడం ఆలస్యం, అంటుకుందా గంటలు గంటలు కాలుతుంది, చక్కెరనూ కాల్చుకుంటుంది, కొవ్వునూ కాల్చుకుంటుంది, కాకపోతే దానికి గాలి కావాలి, అంటే ఆక్సిజన్. ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి కొబ్బరాకు పొయ్యి తీసేది 2 ఏటీపీలు, చింతమొద్దు తీసేది 30 దాకా. లెక్క ఇంత తేడాగా ఉంది. ఒకటి ఆరాక ఇంకోటి వెలుగుతుందని అనుకోవద్దు, మూడూ ఎప్పుడూ మండుతూనే ఉంటాయి, ఎవరి వాటా ఎంత అన్నది మనం ఎంత జోరుగా పోతున్నామన్న దాన్నిబట్టి మారుతుంది.

మూడో పొయ్యికి గాలి అందించేవి ఊపిరితిత్తులు, గుండె. ఇక్కడ మనవాళ్లకు ఒక అపోహ ఉంది. ఆయాసం వచ్చిందంటే ఊపిరితిత్తులు బలహీనం అనుకుంటారు, నాలుగు రోజులు ప్రాణాయామం చేసి కొండెక్కడానికి వస్తారు. ప్రాణాయామం మంచిదే, కాదనను. కానీ జబ్బులేని మనిషిలో ఊపిరితిత్తులకు చాలా మిగులు ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి ఆడించే తిత్తులు, గట్టిగా పరిగెత్తితే వంద లీటర్లు కూడా దాటిస్తాయి. ముందుగా చేతులెత్తేది గుండె. కూర్చున్నప్పుడు నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోస్తుంది, అలవాటు లేని మనిషి ఎంత ఉరికినా అది 20 లీటర్ల దగ్గర ఆగిపోతుంది, బాగా సాధన చేసిన రన్నర్లకు 35 దాకా పోతుంది. గాలి లోపలికి వచ్చి నిలబడే ఉంది, మోసుకుపోయే బండ్లే చాలవు. మనం దమ్ము అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఆ దమ్ములో గుండె ఒక దెబ్బకు ఎంత తోస్తుంది, కండలోకి సన్న రక్తనాళాలు ఎన్ని దిగాయి, అక్కడ ఆక్సిజన్ వాడుకునే మైటోకాండ్రియాలు ఎన్నున్నాయి, అన్నీ కలిసి ఉన్నాయి. ఇవి నడిస్తే పెరుగుతాయి, కూర్చుంటే తరుగుతాయి.

కొండ మీద ఆక్సిజన్ తక్కువ, అందుకే పడిపోతున్నారు అని కూడా వింటుంటాను. తిరుమల ఎత్తు సముద్రమట్టానికి 850 మీటర్ల చిల్లర. అక్కడ గాలి ఒత్తిడి పది శాతం తగ్గుతుందేమో, అంతే. బాగున్న మనిషి రక్తంలో ఆక్సిజన్ దానికి పెద్దగా కదలదు, పైగా అదే ఎత్తుకు బస్సులో పోయినవాళ్లు కూడా అదే గాలి పీల్చుకుంటున్నారు కదా. (గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు డాక్టరును అడక్కుండా మెట్ల జోలికి రావద్దు.) అసలు భారం పైకి ఎక్కడంలో ఉంది. ఒళ్లంతటినీ ఆరొందల మీటర్ల పైన ఎత్తాలి, దాన్ని గంటన్నరలో ఎత్తుతారా నాలుగు గంటల్లో ఎత్తుతారా అన్నదే గుండెకు తేడా. తిరుమలకున్న రెండో కాలిబాట శ్రీవారి మెట్టు, అది దగ్గరి దారి కదా, 2388 మెట్లే కదా అని శ్రీనివాసమంగాపురం వైపు పోయేవాళ్లు ఇది గమనించాలి. ఎక్కాల్సిన కొండ అక్కడ కూడా దాదాపు అంతే, దూరం మాత్రం రెండు కిలోమీటర్ల పైచిలుకు. అంటే నిమిషం నిమిషానికీ పని ఎక్కువ. మోకాళ్లు బాగుండి దమ్మున్నవాళ్లకు అది మంచి దారే. దమ్ము లేనివాళ్లు దగ్గరని అటు పోకూడదు.

అలిపిరి దారిలో ఇంకో చిక్కుంది. 3550 మెట్లలో గాలిగోపురం దాకా ఉన్న మొదటి రెండు వేల మెట్లే నిట్టనిలువు. తర్వాత చాలా దూరం చదునుగా పోయి, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ లేస్తుంది. మనవాళ్లు కొత్త ఉత్సాహంతో, సెల్ఫీలతో, పరీక్ష కష్టంగా ఉన్న చోటే జోరుగా ఎత్తుకుంటారు. అదీగాక కదలడం మొదలుపెట్టాక గుండె తన వేగం అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ కాసేపూ ఒళ్లు అప్పు మీద నడుస్తుంది, కర్పూరం, కొబ్బరాకు ఖర్చు పెట్టుకుని. నెమ్మదిగా మొదలుపెడితే అప్పు చిన్నది, కాసేపటికి ఊపిరి తానే కుదురుకుంటుంది. నాలాగా రెండేసి మెట్లు ఎక్కితే అప్పు తీరకముందే కొత్త అప్పు.

2023లో ఈ దారిలో చిరుత ఒక చిన్నపిల్లను చంపేశాక గుంపులుగా పోవడం అలవాటైంది, అది మంచికే. కానీ గుంపు ఎప్పుడూ కుర్రాళ్ల నడకతో పోతుంది. వెనకబడితే ఏమవుతుందోనన్న టెన్షన్‌తో షుగరున్న పెదనాన్న, లావుగా ఉన్న అత్త, రొప్పుతూ అయినా వాళ్లతో సమానంగా రావాలని చూస్తారు. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెట్టండి, మిగతావాళ్లు వెనక రండి. ఈ ఒక్కటి పాటిస్తే చాలా ఇళ్లకు మేలు.

ఇక జోరు ఎంతుండాలి అంటే చేతి గడియారాలు చూపిస్తున్నారు ఇప్పుడు. 220 లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం అంటారు. అది ఉజ్జాయింపు లెక్క, మనిషికీ మనిషికీ పది పన్నెండు దెబ్బలు అటూ ఇటూ ఉంటుంది. పైగా బీపీకో గుండెకో మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్ర వేసుకునేవాళ్లకు ఎంత కష్టపడ్డా నాడి పెద్దగా పెరగదు, గడియారం "అంతా బాగుంది" అంటూనే ఉంటుంది. నేను చెప్పే కొలత చవకైనది. మెట్టెక్కుతూ మధ్యలో ఊపిరి తీసుకోకుండా "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవిందా" అని పూర్తిగా అనగలుగుతున్నారా? అంటే చింతమొద్దు కాలుతోంది, పదండి. "ఏడుకొండల" దగ్గరే తెగిపోతోందా? కొబ్బరాకు అంటుకుంది, నెమ్మదించండి. "గో" కూడా రావడం లేదా, ఆగి నిలబడండి. వ్యాయామం చెప్పేవాళ్లు మాట పరీక్ష అనేది ఇదే. మన దగ్గర దానికి రాగం కూడా ఉంది.

ఆ పసుపు కుంకుమల పెద్దావిడ విషయం నాకు ఇప్పుడు అర్థమవుతుంది. ఒక మెట్టు ఎక్కుతుంది, వంగుతుంది, మూడు వేళ్లతో పసుపు రాస్తుంది, బొట్టు పెడుతుంది, లేస్తుంది, ఇంకో మెట్టు. ప్రతి మెట్టుకీ నాలుగైదు సెకన్ల విడుపు. ఆ విడుపులో కర్పూరం పొయ్యి మళ్లీ కొంత నిండుతుంది, కొబ్బరాకుతో పనే పడదు. ఎన్ని గంటలు పట్టినా ఆవిడ గుండె ఎక్కడా తన హద్దు దాటదు. నడుము నొప్పి వస్తే రావచ్చు, అది వేరే.

నేనొక తప్పు కూడా ఒప్పుకోవాలి. మర్నాడు పిక్కలు, తొడలు పట్టేస్తే అది కొబ్బరాకు పొయ్యి మిగిల్చే లాక్టిక్ యాసిడ్ పేరుకుపోవడం అని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాను. కాదు. ఆ యాసిడ్ మనం ఆగిన గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి పోతుంది, గుండె, మిగతా కండలు దాన్ని ఇంధనంగా వాడేసుకుంటాయి కూడా. మర్నాటి నొప్పి కండ పోగుల్లో పడే సన్న సన్న చిరుగుల వల్ల, అది కూడా ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు ఎక్కువ, ఎందుకంటే దిగేటప్పుడు తొడ కండ సాగుతూ బరువు ఆపుతుంది. నడిచి ఎక్కి బస్సులో దిగినవాళ్లను, నడిచే దిగినవాళ్లను మర్నాడు అడిగి చూడండి. నా దగ్గర చదువుకున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఆ పాత పాఠం కొట్టేసుకోండి.

ముడుపు కట్టినవాళ్లకు తారీఖు ముందే తెలుసు కదా, రెండు నెలల ముందు మొదలుపెట్టమంటాను. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట వడిగా నడక, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే 150 నిమిషాలు అదే. అందులో రెండు రోజులు మేడ మెట్లు, పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ. చాలా ఏళ్లు కూర్చున్న ఒళ్లు కూడా ఆరేడు వారాల్లో తేడా చూపిస్తుంది. పొద్దున లేచేటప్పటి నాడి తగ్గడమే గుర్తు, గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ తోస్తోందన్నమాట. అయితే రెండు మూడు వారాలు మానేస్తే సంపాదించింది కరగడం మొదలవుతుంది, పోయినేడు ఎక్కాను కదా అన్నది ఈ ఏటికి పనికిరాదు. యూనివర్సిటీ గ్రౌండ్లో రోజూ ప్రాణం పెట్టి 1600 మీటర్లు టైము చూసుకునే కానిస్టేబుల్ పిల్లలకు కూడా ఒక మాట. మీ 1600లో ఎక్కువ వాటా చింతమొద్దుదే, వారంలో నాలుగు రోజులు మాట్లాడుకుంటూ నెమ్మదిగా ఎక్కువ దూరం పరిగెత్తండి, టైము వారానికి ఒకసారి చూసుకుంటే చాలు.

షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు మొక్కు అని ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, జేబులో చక్కెరో గ్లూకోజో పెట్టుకోండి. ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, చల్లని చెమట పట్టినా అది గ్యాస్ అని సోడా తాగి మళ్లీ ఎక్కకండి. అక్కడే కూర్చుని మనిషిని పంపండి, గాలిగోపురం దగ్గర, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్య సాయం ఉంటుంది, 108కు ఫోన్ చెయ్యండి. "ఇంత దూరం వచ్చి ఆగుతామా" అన్న మాట నేను చాలామంది నోట విన్నా.

బ్రహ్మోత్సవాలకు జనం పెరిగేలోపు ఇందులో ఒక్క ముక్కయినా మీ పేజీలో పెట్టెలో కట్టి వేయండి. దారి చూసుకునే పెద్దలకు కూడా ఒక మనవి. మెట్లకు నంబర్లు ఎలాగూ ఉన్నాయి, రెండొందలో మెట్టు దగ్గర ఒక చిన్న బోర్డు పెట్టించండి: "ఇప్పుడు గోవిందా అని గట్టిగా అనండి. అనలేకపోతే ఇక్కడ కూర్చోండి." కూర్చోవడానికి చోటు ఎక్కడుందో నాకు బాగా తెలుసు, పిలిస్తే వచ్చి చూపిస్తా. పెయింటు ఖర్చు కూడా నాదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు,
తిరుపతి.