పాత పుస్తకాలు ఎవరికి పనికొస్తాయి?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న చర్చ నా దాకా వచ్చింది. వేరే పిల్లలకు పనికొస్తాయని తమ పిల్లల పాత పుస్తకాలు ఇష్టంగా ఇస్తే స్కూలు వాళ్ళు తిప్పి పంపారని కొందరు నొచ్చుకున్నారు. పంపమన్నది నేనే. ఎందుకో చెప్తాను.

కేంద్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2024లో ఆరో తరగతికి, 2025లో ఏడు, ఎనిమిది తరగతులకు కొత్త పుస్తకాలు తెచ్చింది. అంతకుముందు అచ్చైనవి ఎంత నిగనిగలాడుతున్నా ఇప్పుడు ఆ క్లాసు చదివే పిల్లలకు అక్కరకు రావు. జవాబులన్నీ నింపేసిన వర్క్‌బుక్కులూ అంతే.

అదే 11, 12 తరగతుల ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ పుస్తకాలైతే నీట్‌కు చదివే పిల్లలు కళ్ళకద్దుకుని తీసుకుంటారు. ప్రభుత్వ బడుల్లో పాఠ్యపుస్తకాలు ఉచితంగానే ఇస్తారు కాబట్టి అక్కడి పిల్లలకు డిక్షనరీలు, అట్లాసులు, కథల పుస్తకాలు ఇవ్వండి. జూన్‌లో ఫీజు, యూనిఫాం, పుస్తకాలు ఒకేసారి మీద పడి సతమతమయ్యే మగ్గం ఇళ్ళు చీరాల చుట్టూ ఎన్నో ఉన్నాయి. మనం ఇచ్చే ఒక్క సెట్టు ఆ ఇంటికి ఎంత ఊరటో ఆలోచించండి. మన పక్కనే వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఉంది. 1929లో గాంధీజీ అడుగుపెట్టిన గ్రంథాలయం అది. నేతపనివాళ్ళ ఊరు వందేళ్ళకు పైగా పుస్తకాలను కాపాడుకొస్తుంటే, మనం పరీక్షలు అవ్వగానే కిలోల లెక్కన పాతపేపర్ల బండికి వేసేస్తున్నాం. ఇది నాకు మింగుడుపడటం లేదు.

తొమ్మిదో తరగతి 'బి' సెక్షన్ అమ్మాయిల గురించి చెప్పకుండా ఉండలేను. లంచ్ బెల్ కొట్టగానే లైబ్రరీకి వచ్చి, మీరిచ్చిన పాత పుస్తకాల్లో పెన్సిల్ గీతలు చెరిపారు. ఊడిన అట్టలను దబ్బనంతో, పురికొసతో కుట్టి, ఉడికించిన మైదాపిండితో పాత క్యాలెండర్ కాగితాలు అంటించారు. ఆ కుట్టు చూసి మా క్రాఫ్ట్ టీచర్ ముచ్చటపడ్డారు. నాకైతే గుండె నిండిపోయింది.

వాళ్ళ చేతికొచ్చిన పుస్తకాల్లో సాంబారు మరకలు, చీమలు, ఒకదాంట్లో ఎండిన ఇడ్లీ ముక్క కూడా ఉన్నాయి. భోజనం దగ్గర పుస్తకం, ఫోను రెండూ వద్దని మీరు పిల్లలకు దయచేసి చెప్పండి.



పుస్తకాలను శనివారం ఉదయం 9 నుంచి 12 లోపు నేరుగా లైబ్రరీలోనే ఇవ్వండి, గేటు దగ్గర వాచ్‌మన్‌కు వదిలి వెళ్ళకండి. అచ్చైన సంవత్సరం మొదటి పేజీల్లోనే ఉంటుంది. తరగతి, ఆ సంవత్సరం ఒక చీటీ మీద రాసి కట్ట పైన పెడితే, విడదీసే పిల్లలకు సగం పని తగ్గుతుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు