బ్రిడ్జ్ పికప్ ఎంపికకు కిలో ఓముల అంకె ఒక్కటే చాలదు

సంపాదక మహాశయులకు నమస్కారం.

చర్చి క్వయర్లలోను, కాలేజీ వార్షికోత్సవాల్లోను, పెళ్లిళ్లకు పాడే ఆర్కెస్ట్రాల్లోను ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్న మన పిల్లల్లో చాలామందికి ఉన్నది ఒక్కటే గిటార్. ఒకే సాయంత్రం మెలోడీ పాటకు మెత్తగా, మాస్ పాటకు గట్టిగా, ప్రార్థనా గీతానికి నిండుగా పలకవలసింది దానితోనే. కాస్త డబ్బు కూడగానే వారు మార్చాలనుకునేది బ్రిడ్జ్ పికప్‌ను, అంటే తీగలు బిగించి ఉండే బ్రిడ్జ్ పక్కన వాటి కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగాన్ని. అప్పుడు దుకాణంలోనైనా, ప్రకటనల్లోనైనా మొదట వినబడేది "ఇది పదహారు కిలో ఓములు, చాలా హాట్" (అంటే గట్టి సిగ్నల్ ఇస్తుంది) అన్న మాట. ఆ ఒక్క అంకెను నమ్మి కొని, తరువాత నిరాశపడుతున్న విద్యార్థులను తరచూ చూస్తున్న గిటార్ ఉపాధ్యాయుడిగా ఈ లేఖ రాస్తున్నాను.

తీగ బ్రిడ్జ్ దగ్గర బిగిసి ఉంటుంది కనుక అక్కడ దాని ఊపు తక్కువ. మూలస్వరం బలం తగ్గి, పై హార్మోనిక్స్ (మూలస్వరంతో పాటు పలికే పై స్థాయి స్వరాలు) పాలు ఎక్కువగా వినిపిస్తాయి. అందువల్లనే ఒకే పికప్ నెక్ దగ్గర పెడితే నిండుగాను, బ్రిడ్జ్ దగ్గర పెడితే పలచగా, పదునుగాను పలుకుతుంది. ఈ లోటు తీర్చడానికే తయారీదారులు బ్రిడ్జ్ పికప్‌కు రాగి వైరు చుట్లు కొంత పెంచుతారు. చుట్లు పెరిగితే ఔట్‌పుట్ పెరుగుతుంది, మధ్యస్థాయి ధ్వని చిక్కబడుతుంది. అయితే దానితో పాటు ఇండక్టెన్స్ (వేగంగా మారే కరెంటును అడ్డుకునే గుణం) కూడా పెరిగి, పై స్థాయిలోని స్పష్టత కొంత తగ్గుతుంది. ఎంత బలం పెంచితే అంత మేలు అనుకోవడానికి వీలు లేనిది ఇందుకే.

ఇక కిలో ఓముల సంగతి. అది కాయిల్‌లోని వైరు నిరోధం మాత్రమే. చుట్లు అన్నే ఉన్నా, 42 గేజ్ వైరుకు బదులు అంతకన్నా సన్నని 43 గేజో 44 గేజో వాడితే అంకె పెరిగిపోతుంది. అయస్కాంతం ఆల్నికో అనే మిశ్రలోహమా, సిరామిక్కా అన్నది ఆ అంకెలో ఎక్కడా కనబడదు. సేమర్ డంకన్ సంస్థ వారి జేబీ మోడల్ సుమారు 16 కిలో ఓములు, ఆల్నికో 5 అయస్కాంతం. అదే సంస్థ వారి కస్టమ్ మోడల్ సుమారు 14 కిలో ఓములు, సిరామిక్ అయస్కాంతం. అంకెను బట్టి రెండోది మెతక అనుకుంటే పొరపాటే. బలంలో అది మొదటిదానికి తీసిపోదు.

రెండు కాయిల్స్ ఉన్న పికప్ అయిన హంబకర్‌ను గిబ్సన్ సంస్థలో సేథ్ లవర్ 1955లో రూపొందించారు. 1957 నుంచి "పేటెంట్‌కు దరఖాస్తు చేశాం" అన్న చీటీ అంటించుకుని వచ్చిన ఆ తొలి పికప్‌లు చాలావరకు 7.5 నుంచి 9 కిలో ఓముల మధ్యవే. ఇప్పటికీ సంగీతకారులు వాటి స్వరాన్నే ప్రమాణంగా చెప్పుకుంటారు. 1970ల తొలినాళ్లలో డిమార్జియో వారి సూపర్ డిస్టార్షన్ వంటి బలమైన సిరామిక్ పికప్‌లు రావడానికి కారణం వేరు. ఆనాటి వాల్వ్ ఆంప్‌లలో గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) పరిమితం, వాటిని డిస్టార్షన్‌లోకి, అంటే గరగరలాడే ధ్వనిలోకి నెట్టాలంటే గిటార్ నుంచే గట్టి సిగ్నల్ వెళ్లాలి. నేడు మన పిల్లల కాళ్ల దగ్గర ఉండే మామూలు మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌లో కావలసినంత కన్నా ఎక్కువ గెయిన్ ఉంది. అలాంటప్పుడు అతి బలమైన పికప్ తోడైతే, నాలుగు స్వరాల కార్డ్ వాయించినప్పుడు స్వరాలు విడివిడిగా వినిపించక ముద్దయిపోతాయి. తీగ లాగి పలికించిన గమకం మొదలూ చివరా తెలియవు. మధ్యరకం పికప్‌తో గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ను సగానికి దించితే డిస్టార్షన్ దానంతట అదే సన్నగిల్లి, అదే పాట చరణానికి తగిన శుభ్రమైన ధ్వని వస్తుంది. పాట మధ్యలో పెడల్ తొక్కే పని కూడా ఉండదు.

మన వేదికల పరిస్థితి కూడా ఆలోచించాలి. డిమ్మర్ లైట్లు, ఎల్‌ఈడీ తెరలు, వాటి పక్కనే సాగే కరెంటు వైర్ల మధ్య ఒకే కాయిల్ ఉన్న సింగిల్ కాయిల్ పికప్ 50 హెర్ట్‌జ్ రొదను పట్టుకుని పాటంతా మోగిస్తూనే ఉంటుంది. రెండు కాయిల్స్ ఆ రొదను ఒకదానికొకటి కొట్టివేయడమే హంబకర్‌లోని కిటుకు. అయితే ఏ పికప్ అయినా ఎర్తింగ్ లోపాన్ని సరిచేయలేదు. తీగల మీద చేయి ఉండగా మైక్‌కు పెదవి తగిలి చురుక్కుమంటే వెంటనే వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. దీనిని తేలికగా తీసుకోవద్దని నిర్వాహకులను వేడుకుంటున్నాను.

ఒక్క గిటార్‌తో అన్నీ వాయించేవారికి నా సలహా: బ్రిడ్జ్ స్థానంలో మధ్యస్థ ఔట్‌పుట్ గల ఆల్నికో 5 హంబకర్, అదీ నాలుగు వైర్లు విడిగా బయటికి వచ్చేది. పైకి లాగితే స్విచ్‌గా పనిచేసే పుష్ పుల్ నాబ్ పెట్టించుకుంటే ఒక కాయిల్‌ను ఆపి సింగిల్ కాయిల్ ఛాయ తెచ్చుకోవచ్చు. ఎనిమిది కిలో ఓముల హంబకర్‌లో సగం ఆపితే మిగిలేది నాలుగే కనుక ఆ ధ్వని నీరసంగా ఉండవచ్చు. రెండు కాయిల్స్‌ను ప్యారలల్‌గా కలిపితే ధ్వని తేటగానూ ఉంటుంది, రొదా రాదు. నేను దీనినే ఎక్కువగా సిఫారసు చేస్తాను. హంబకర్‌కు 500 కిలో ఓముల వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే నిరోధకం) తగినది. 250తో పైస్థాయి మందగిస్తుంది. కొనే ముందు బ్రిడ్జ్ దగ్గర మొదటి తీగ నుంచి ఆరో తీగ వరకు దూరం కొలుచుకోవాలి. సుమారు 49 మిల్లీమీటర్లా, 52కు దగ్గరా అన్నదాన్ని బట్టి పికప్ వెడల్పు మారుతుంది.

మీ పత్రిక సంగీత పేజీలో గాయకులకు, స్వరకర్తలకు ఇస్తున్న చోటులో కొంత వాయిద్యాల సాంకేతిక విషయాలకు కూడా కేటాయించి, అనుభవజ్ఞులైన మరమ్మతుదారుల చేత తెలుగులో రాయించవలసిందిగా కోరుతున్నాను. ఈలోగా పికప్ మార్చదలచిన విద్యార్థులు ముందుగా ఉన్నదాని ఎత్తు సరిచూడాలి. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టి, తీగ అడుగు భాగానికీ పికప్ పోల్‌కూ (తీగ కింద కనబడే లోహపు మొన) మధ్య సుమారు రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా, లావు తీగల వైపు మరికాస్త ఎక్కువ ఉండేలా పక్క స్క్రూలను తిప్పి, ప్రతి పావు చుట్టుకూ వాయించి వినాలి. దుకాణానికి వెళ్లడం ఆ తరువాతే.

ఇట్లు,
ఒక గిటార్ ఉపాధ్యాయుడు,
విజయవాడ