మీ నాయన బ్రిడ్జి సంగతి

తిరుపతి

అమ్మణ్ణీ,

పన్ను పోయిన చోట పెట్టే బ్రిడ్జికి, అంటే పక్క పళ్ళు అరగదీసి వాటి ఆసరాతో బిగించే కట్టుడు పళ్ళకు, డబ్బు చూడొద్దు, ఈమ్యాక్సే వేయించండి అని ఫోన్లో గట్టిగా చెప్పినావు. మీ నాయన సరేననేసినాడు. నేనే ఒప్పుకోలేదు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావని రాస్తున్నా.

పోయింది కింది పెద్ద దవడ పన్ను. ఈమ్యాక్స్ అంటే లిథియం డైసిలికేట్, ఒక రకం గాజు పింగాణీ. ముందు పళ్ళకు దాని అందమే వేరు. మూడు పళ్ళ బ్రిడ్జి మాత్రం దాంతో రెండో చిన్న దవడ పన్ను దాకానే చేయొచ్చని తయారుచేసేవాళ్ళే చెప్తారు. ఇంకా వెనక్కి పోతే నమిలే బరువుకు పన్నుకూ పన్నుకూ మధ్య అతుకు దగ్గర విరిగే భయం. బలం కొలిచే మెగాపాస్కల్స్ లెక్కలో దానిది 400 ప్రాంతం, జిర్కోనియా అనే ఇంకో తెల్ల పదార్థంలో గట్టి రకానిది సుమారు 1000. మీ నాయన నిద్రలో పళ్ళు నూరే చప్పుడు పక్కగదికి వినిపిస్తుంది. పైగా నిప్పట్లు మానడు.

లోపల మెటల్, పైన పింగాణీ ఉండేది చవక. క్లినిక్‌లో ముందు అదే చెప్పినారు. అందులో ఎక్కువగా వాడేది నికెల్ క్రోమియం. స్టీలు చైను వాచీ కట్టుకుంటే ఆయన మణికట్టు దద్దుర్లు లేచేది కదా, నికెల్ పడకనేమో! అందుకే అది వద్దన్నా.

ఇంప్లాంట్ అయితే పక్క పళ్ళు అరగదీసే పనే లేదు. ఎముకలో స్క్రూ అనేసరికి ఈయన కుర్చీలోంచి లేచి వచ్చేసినాడు.

చివరికి మొత్తం జిర్కోనియాతోనే చేయిస్తున్నాం, పైన పింగాణీ పూత లేకుండా. పెచ్చులూడేది ఆ పూతే. జిర్కోనియాలోనూ మరీ నిగనిగలాడే రకం వద్దన్నా. అందులో కలిపే యిట్రియా పెంచితే వెలుగు దూరి అసలు పన్ను లాంటి నిగారింపు వస్తుంది, బలం తగ్గుతుంది. ఆవులిస్తే తప్ప కనపడని పన్నుకు సోకులెందుకు?

బిగించినాక ఎత్తు సరిచేయడానికి అరగదీస్తే, మళ్ళీ నున్నగా పాలిష్ పట్టించాలి. గరుకుగా వదిలితే పై పన్ను అరిగిపోతుంది. ఆ రోజు నేనూ వెంట పోతా. రాత్రిపూట పెట్టుకునే గార్డు కూడా చేయిస్తున్నాం, పెట్టుకుంటాడో లేదో.

నువ్వు డబ్బు పంపొద్దు. బ్రిడ్జి కింద శుభ్రం చేసే దారం, సూపర్‌ఫ్లాస్, ఇక్కడ మా మందుల షాపులో లేదు, అది నాలుగు ప్యాకెట్లు పంపు.

అమ్మ