ఆ బోర్లాపడ్డ చెప్పు గీసిందెవరు?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన కథ బాగుంది. బొమ్మ అంతకన్నా బాగుంది. వేపచెట్టు కింద నులకమంచం, దాని మీద అటు తిరిగి పడుకున్న ముసలాయన, కింద ఒక చెప్పు తిన్నగా, రెండోది బోర్లా. కథ రెండుసార్లు చదివాను, ఎక్కడా చెప్పుల ఊసే లేదు. కొడుకుతో మాటా మాటా అనుకుని విసవిసా వచ్చి మంచమెక్కాడని ఆ బోర్లాపడ్డ చెప్పే చెబుతోంది. అది రచయిత రాసింది కాదు, బొమ్మ గీసినవారు పెట్టింది. వారెవరో చూద్దామంటే రచయిత పేరుంది, ఫోన్ నంబరుంది, బొమ్మ కింద మాత్రం ఏమీ లేదు. కుడివైపు కింది మూలలో సంతకం ఉన్నట్టుంది. ఒక తలకట్టు మిగిలింది, తక్కినది పేజీ కొలతకి కత్తిరింపులో పోయింది.

నేనూ ఆ పనిలోనే ఉన్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం. మాది విజయవాడ. మా నాన్న గుడ్డ బ్యానర్లు, షాపుల బోర్డులు రాసేవారు. ఎన్నికలొస్తే మా వరండాలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ప్రతి బోర్డు అడుగునా, ఎడమ పక్కన, అంగుళం ఎత్తు అక్షరాలతో తన పేరు రాసుకునేవారు. బేరమాడితే డబ్బులు తగ్గించేవారు గానీ, పేరు వద్దంటే మాత్రం బ్రష్ కడిగేసి లేచిపోయేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. నేను డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని, నేర్చుకున్నాను.

కంప్యూటర్ మీద నా మొదటి బొమ్మ 2007లో, కోరల్‌డ్రా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో, మౌస్‌తో గీసిన కుందేలు. మౌస్‌తో గీయడమంటే సబ్బుబిళ్ళ పట్టుకుని ముగ్గేసినట్టే. ఆ కుందేలు చెవులు ఇప్పుడు చూస్తే రెండు కొయ్యముక్కలు. 2010లో అప్పు చేసి పెన్ ట్యాబ్లెట్ కొన్నాను. చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద. ఆ రెండింటికీ సయోధ్య కుదరడానికి రెండు నెలలు పట్టింది. అచ్చు సంగతి తెలియడానికి ఇంకా ఎక్కువే పట్టింది. తెర మీద ధగధగలాడే నెమలికంఠం రంగు పత్రిక కాగితం మీదికి వచ్చేసరికి వెలిసిపోతుంది. ఇంకు కాగితంలోకి ఇంకి, చుక్క పక్కకి పాకుతుంది. చామనచాయ మొహానికి నలుపు పాలు కొంచెం ఎక్కువైతే చాలు, మసే. అలా అచ్చయిన నా పెళ్ళికూతురు బొమ్మ చూసి కథ రాసినావిడ ఫోన్ చేసి, "పెళ్ళికూతురా అమ్మా, పొయ్యి ఊదిన పిల్లా?" అన్నారు. ఆ రోజునుంచి నలుపు ఇంకు గీతలకే, ఒంటిరంగు అచ్చులో వాడే మిగతా మూడు ఇంకులు, నీలం, గులాబీ, పసుపులతోనే.

మొన్న వేసవిలో మా పేట గ్రంథాలయంలో పాతవీ కొత్తవీ కలిపి 62 బొమ్మలు గోడకి పెట్టాను. పాత సీడీల్లో సగం తెరుచుకోలేదు. తెరుచుకున్నవాటిలో బొమ్మ క్షేమం, అక్షరాలే గల్లంతు. అప్పట్లో అనూ ఫాంట్లతో కొట్టినవి అవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో "అనగనగా ఒక ఊళ్ళో" కాస్తా కీబోర్డు మీద పిల్లి నడిచినట్టయింది. అక్షరాలని కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా, మార్చి దాచినవి మాత్రం బతికి బయటపడ్డాయి. కొత్తవాటిలో నాకు ఇష్టమైనది కొండపల్లి బొమ్మలు అమ్మే పెట్టె. నాలుగు పక్కలా బొమ్మ పుట్టుక గీశాను: తెల్లపొణికి చెక్క ఎండబెట్టడం, ముక్కలు చెక్కడం, చింతగింజల పొడీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో అతకడం, రంగులద్దడం. మూత మీద అంబారీ ఏనుగు. దీన్ని చూసి ఒకాయన అలాంటి పెట్టే కావాలని వచ్చారు, చేతిలో కంప్యూటర్ తనంతట తాను తయారుచేసిన బొమ్మతో. అందులో కొండపల్లి కళాకారుడికి రాజస్థానీ తలపాగా, కుడిచేతికి ఆరు వేళ్ళు. "వేలొకటి తీసేస్తే ఎంత తీసుకుంటారమ్మా?" అని అడిగారు. తలపాగాకి విడిగా అవుతుందండీ అన్నాను.

అసలు విషయానికొస్తాను. ఆ 62లో ఒకటి 2012 నాటిది: డాబా మీద చాపలో మాగాయ ముక్కలు, కాకులు రాకుండా గొడుగేసుకుని కూర్చున్న మామ్మ. ఒక పెద్దాయన దాని ముందు నిలబడి, "ఇది మా వాట్సాప్‌లో ఏటా ఉగాదికి వస్తుందమ్మా. నెట్‌లోంచి తీశారా?" అన్నారు. అచ్చయినప్పుడు పేరు వేయలేదు. ఎవరో స్కాన్ చేసి, సంతకం మీద శుభాకాంక్షలు అతికించి వదిలారు. ఆయనకి లాప్‌టాప్ తీసి ఫైలు చూపించాను. ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలు, 27 లేయర్లు. ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే అన్నిటికన్నా అడుగున పెన్సిల్ రఫ్, అందులో మామ్మ పక్కన పిల్లి. తర్వాత బాగాలేదని నేనే తీసేసిన పిల్లి. "ఓహో, అయితే మీదేనన్నమాట" అన్నారు. ఈ బొమ్మకి పిల్లి సాక్ష్యం దొరికింది. సీడీలు పాడైనవాటికి ఎవరు చెప్పాలి? ఆ 62లో పత్రికల్లో అచ్చయినవి 48. పేరుతో అచ్చయినవి 9.

చందమామ పాత సంచికలు తీసి ముఖచిత్రం మీద వపా (వడ్డాది పాపయ్య) గారి సంతకం ఎక్కడుందో వెతకమనేవారు నాన్న. అది మాకు ఆట. బాపు గారికైతే సంతకం లేకపోయినా గీతే చెప్పేస్తుంది. మాలాంటి వాళ్ళకి ఆ భోగం లేదు, పేరు వేస్తేనే ఉన్నట్టు. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, బొమ్మ మీద హక్కులు అమ్మేసుకున్నా "ఇది నా పని" అని చెప్పుకునే హక్కు గీసినవారికే ఉంటుంది. అయినా ఐదొందల బొమ్మకి కోర్టుకెళ్ళేదెవరు?

పేజీలు పెట్టే పిల్లలని తప్పుపట్టను. నేనూ పెట్టినదాన్నే. రాత్రి పదకొండింటికి ప్రకటన వచ్చి పడితే నలిగేది బొమ్మే. అందుకే ఈమధ్య సంతకం మూలన పెట్టడం మానేశాను. కుండ మీద, బండి చక్రం ఆకుల మధ్య, నులకమంచం కోడు మీద, కత్తిరిస్తే బొమ్మే పాడయ్యే చోట పెడుతున్నాను. ఇది దొంగ తెలివే, ఒప్పుకుంటాను.

మీరు చేయాల్సింది ఒక్క వరస. కథ చివర రచయిత పేరు పక్కనే "బొమ్మ:" అని ఒక పేరు. ముందు గత ఆదివారం బొమ్మ ఎవరిదో వచ్చే ఆదివారం ఒక మూల వేయండి. ఆ చెప్పు మొదటి రఫ్‌లోనే బోర్లా ఉందా, తర్వాత తిరగేశారా అని వారిని అడగాలి.

ఇట్లు,
మీ ఆదివారం పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ