ఐదో కాంటూరు సిలబస్‌లో లేదు

సంపాదకులకు నమస్కారం.

పర్యావరణ దినోత్సవం జూన్ 5న వస్తుంది. మన బడులు తెరిచేది 12న. అందుకని సెలవుల్లో ఉన్న పిల్లల్ని నలుగురైదుగుర్ని పిలిచి, ఓ మొక్క నాటించి, ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తే ఆ ఏడాదికి పర్యావరణం అయిపోయినట్టే. నేనూ పెట్టాను. పోయినేడాది నాటిన వేప మొక్క ఏమైందని మాత్రం అడక్కండి, మేకలకు తెలుసు.

నేను కైకలూరు వైపు, కొల్లేరు పక్కన ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. పదో తరగతి పుస్తకాన్ని తప్పుపట్టడం లేదు. మేఘాలయలో వెదురు గొట్టాలతో నీళ్లు ఎలా పారిస్తారో అందులో ఉంది. రాజస్థాన్ ఇళ్లలో వాన నీళ్లు దాచుకునే టాంకాలున్నాయి. అల్వార్ జిల్లాలో ఐదు ఊళ్లవాళ్లు 1,200 హెక్టార్ల అడవిని కాపాడుకున్న సంగతీ ఉంది. మా పిల్లలు ఇవన్నీ గడగడా అప్పజెప్తారు. కొల్లేరు దగ్గరికొచ్చేసరికి అది మ్యాప్ పాయింటింగ్‌లో పెట్టాల్సిన చుక్క, అంతే. ఆ చుక్కలోనే కూర్చుని ఆ చుక్క పెడతాం మేము.

పటాల పాఠం చెబుతూ ఓసారి బోర్డు మీద 'సమోన్నత రేఖలు' అని రాశాను. ఒక్కడికీ ఎక్కలేదు. వీటినే కాంటూర్లంటారు అన్నానో లేదో, చివరి బెంచీ కుర్రాడు లేచి "మా తాతయ్య చెరువు కాంటూర్లోనే పోయిందంట మాస్టారూ" అన్నాడు. క్లాసంతా ఒక్కసారి గొడవ. ఐదో కాంటూరు, మూడో కాంటూరు అన్న మాటలు మా లంక ఊళ్లలో పంచాయతీ అరుగు మీదా టీ కొట్టు దగ్గరా రోజూ వినబడేవే. పిల్లలు పుట్టినప్పట్నుంచీ వింటున్నారు. అవి పటం మీద గీసే గీతలని మాత్రం ఎవరూ చెప్పలేదు. "ఆ గీత ఎక్కడ కనబడుద్ది మాస్టారూ?" అని ఒకడి సందేహం. చదునైన నేల కదా, ఎక్కడా కనబడదు. సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున్న చోట్లన్నీ కలిపి కాగితం మీద గీసిన గీత అది. దాని లోపల ఎవరి చెరువుందో వాళ్ల బతుకు మారిపోయింది.

ఆ రోజు సిలబస్ పక్కన పెట్టి మొదట్నుంచీ చెప్పాను. 1970ల్లో మత్స్యకారుల సొసైటీలకు చెరువులిచ్చి చేపలు పెంచుకోమన్నది ప్రభుత్వమే. తర్వాత పెట్టుబడిదార్లు వచ్చారు, లీజులొచ్చాయి, గట్లు పెరిగాయి. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని జీవో 120 వచ్చింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో గట్లు కొట్టేశారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని అసెంబ్లీ తీర్మానం చేసింది. పక్షుల గురించీ నీటిలో ఆక్సిజన్ గురించీ సైన్స్ మేడమ్ నాకంటే బాగా చెబుతారు. గట్టు ఎవరు వేశారు, ఎవరు వేయమన్నారు, ఎవరు కొట్టేయమన్నారు, కొట్టేశాక ఎవరికి పని పోయింది అన్నవి మాత్రం సోషల్ పీరియడ్‌లో అడగాల్సినవే.

అడిగితే ఏమవుతుందో కూడా చెబుతాను. ఒకమ్మాయి లేచింది. వాళ్లమ్మ పట్టుబడి రోజుల్లో, అంటే చెరువుల్లో చేపలు పట్టే రోజుల్లో, వాటిని గ్రేడు చేసి ఐసు వేసే పనికి వెళ్తుంది. "చెరువులు కొట్టేస్తే మా అమ్మకి పనెవరిస్తారండీ?" అంది. వెనకనుంచి ఒకడు "చెరువులుంటే మాత్రం మా తాత వలేసుకోటానికి నీళ్లెక్కడున్నాయే?" అన్నాడు. ఇద్దరూ ఒకే వీధి పిల్లలు. నా దగ్గర జవాబు లేదు. రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాశాను. ఇంతలో బెల్లు కొట్టారు. ఇన్నేళ్ల సర్వీసులో నేను చెప్పిన మంచి పాఠాల్లో అదొకటని నా నమ్మకం.

వారం తిరక్కుండానే సోషల్ మాస్టారు పిల్లలకి చెరువుల మీద నూరిపోస్తున్నాడని ఊళ్లో మాటొచ్చింది. తనిఖీకి వచ్చిన ఒక అధికారి నోట్సు తిరగేసి "ఇది ఏ యూనిట్టండీ?" అని అడిగారు. ఆయన్నీ అనలేను, ఆయన దగ్గరున్న ఫారంలో యూనిట్ నంబరు గడే ఉంది. కానీ ఆ తర్వాత ఓ నెల్లాళ్లు నేను కొల్లేరు ఊసెత్తలేదు. భయపడ్డానని ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

మళ్లీ ఎత్తించింది బుడమేరు వాగు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు టీవీలన్నీ అక్కడే ఉన్నాయి. ఆ నీళ్లు తర్వాత ఎటు పోతాయో మాకు తెలుసు. బుడమేరు వచ్చి పడేది కొల్లేట్లోకే, కొల్లేరు సముద్రానికి పోవడానికున్న దారి ఉప్పుటేరు ఒక్కటే. బడి తెరిచాక పిల్లలతో బుడమేరు మీదున్న వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర్నుంచి ఉప్పుటేరు దాకా నీళ్ల దారి గీయించాను. పుస్తకంలో ఆ పటం లేదు. మీ జిల్లా ఎడిషన్ కత్తిరింపులు అతికించి, మధ్యలో తెలియని ఊళ్ల పేర్లు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాశారు. బడి వరండా స్తంభం మీద నీళ్లు నిలిచిన చోట బురద చార ఉంటే, ఒకడు స్కేలు తెచ్చి కింద నుంచి కొలిచి, దాని మీద బాల్‌పెన్నుతో గీత గీసి తేదీ రాశాడు. అంతకు పైన ఇంకో పాత చార కూడా ఉంది. అదెప్పటిదని వాచ్‌మన్ తాతని అడిగితే ఆయన చెప్పిన కథకు రెండు పీరియడ్లు పట్టింది.

పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో చెప్పింది 1991లో. దానికోసం ఇంకో పుస్తకం, ఇంకో దినోత్సవం వద్దు. ఫార్మెటివ్ పరీక్షల్లో ప్రాజెక్టుకు ఎలాగూ మార్కులున్నాయి. ఇప్పుడు వాటికోసం పిల్లలు నెట్ సెంటర్‌కి వెళ్లి 'గ్లోబల్ వార్మింగ్' ప్రింటవుట్ తెచ్చి చార్టు మీద అతికిస్తున్నారు, మేం మార్కులు వేస్తున్నాం. ఆ మార్కుల్లో ఒక్క ప్రాజెక్టు సొంత ఊరి చెరువు, వాగు, గని, ఫ్యాక్టరీ, చెత్తకుప్ప ఏదో ఒకదాని మీద ఉండాలని విద్యాశాఖ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. తనిఖీకి వచ్చినవాళ్లకు యూనిట్ నంబరు కింద చూపించడానికి నా దగ్గర ఒక కాగితం ఉంటుంది. ఊళ్లో ఎవరైనా అడిగినా అదే చూపిస్తాను.

మీకూ ఒక విన్నపం. వరదొచ్చినప్పుడు మునిగిన ఇళ్ల ఫొటోలతో పాటు, ఆ నీళ్లు ఎక్కడ పుట్టి ఏయే ఊళ్ల మీదుగా వచ్చాయో చిన్న పటం కూడా వేయండి. ఊళ్ల పేర్లు కాస్త పెద్ద అక్షరాల్లో ఉంటే మేలు. చివరి బెంచీకి కనబడాలి.

ఆ మధ్య బడికి రంగులు వేశారు. స్తంభం మీద గీతలు పోతాయని పిల్లలు పెయింటర్ చుట్టూ చేరి బతిమాలారు. ఆయన రంగంతా వేసేసి, తర్వాత రెండు చోట్లా నీలం గీతలు గీసి తేదీ రాశాడు. పైదానికి ఏడాది తెలియక ప్రశ్నార్థకం పెట్టాడు.

ఇట్లు,
ఒక సోషల్ ఉపాధ్యాయుడు,
కైకలూరు మండలం