సగటు లెక్కల్లో కనిపించని సాల్మన్ చావులు

సంపాదకులకు నమస్కారం.

ఆమ్ల వర్షాలు తగ్గాయి, నదులు కోలుకున్నాయి అంటూ ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. మొదటి మాట నిజమే. రెండోది మాత్రం ఒప్పుకోలేను.

దక్షిణ నార్వే సంగతే చూడండి. బ్రిటన్, మధ్య యూరప్ పొగగొట్టాల గంధకం అక్కడ ఆమ్ల వానై కురిసి మాండల్ లాంటి నదుల్లో, నదిలో పుట్టి సముద్రంలో పెరిగే సాల్మన్ చేపల జాడే లేకుండా చేసింది. దేశాల సరిహద్దులు దాటే గాలి కాలుష్యంపై 1979లో కుదిరిన జెనీవా ఒప్పందం తర్వాత గంధకం బాగా తగ్గిన మాట వాస్తవం. కానీ అన్నేళ్ల ఆమ్లం, దాన్ని విరిచే కాల్షియాన్ని నేలలోంచి కడిగేసింది. గట్టి రాతినేలలో అది మళ్లీ చేరాలంటే దశాబ్దాలు పడుతుంది. కెనడాలో నోవా స్కోషియా నదులదీ ఇదే పరిస్థితి.

చేపను చంపేది ఆమ్లం ఒక్కటే కాదు. అది మట్టిలోని అల్యూమినియాన్ని కరిగించి నీళ్లలోకి తెస్తుంది. ఆ అల్యూమినియం మొప్పలకు పట్టుకుంటుంది. మొప్పల నిండా జిగురు చేరి ఊపిరాడదు, ఒంట్లోని ఉప్పు బయటికి పోతుంది. అందరికంటే ఎక్కువ దెబ్బతినేది వసంతంలో సముద్రానికి బయల్దేరే పిల్ల చేప. దాన్ని స్మోల్ట్ అంటారు. ఒంటి మీది మచ్చలు మాసిపోయి వెండిలా మెరుస్తూ, ఉప్పునీటి కోసం మొప్పల్ని సిద్ధం చేసుకుంటూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే మంచు కరిగి, చలికాలమంతా పేరుకున్న ఆమ్లం ఒక్కసారిగా నదిలోకి దిగుతుంది. నాలుగైదు రోజులు చాలు. నదిలో ఉన్నంతసేపు చేప బాగానే కనిపించవచ్చు, సముద్రంలోకి వెళ్లాక ఉప్పు తట్టుకోలేక చచ్చిపోతుంది. ఆ చావు ఎవరి లెక్కలోకీ రాదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

నీటి ఆమ్లతను కొలిచే అంకె పీహెచ్. అది 6 నుంచి 5కి పడిందంటే ఆమ్లత పది రెట్లు పెరిగినట్టు. ఏడాదిలో ఒక్క వారం అలా పడితే సగటులో తెలియనే తెలియదు. ఆ సగటు చూపించి నది బాగుందనడం తప్పు.

మాండల్ నదిలో ఆమ్లాన్ని విరిచేందుకు 1997 నుంచి సున్నపురాయి పొడి కలుపుతున్నారు. సాల్మన్ తిరిగొచ్చింది. నది తనంతట తాను బాగుపడి కాదు, సున్నం పడుతోంది కాబట్టి వచ్చింది. ఆ చేపల్నే చూపించి ఇక సున్నం ఖర్చెందుకని అడగడం ఏం న్యాయం?

ఎక్కడైనా సరే, సున్నం నిధులు తగ్గించే ముందు మంచు కరిగే ఆ కొన్ని వారాల నీటిని రోజూ పరీక్షించాలి. స్మోల్ట్ మొప్పల్లో ఎంత అల్యూమినియం చేరిందో కొలవాలి. ఈ విషయం మీద మళ్లీ రాసేటప్పుడు ఏడాది సగటుతో పాటు ఆ అంకెలు కూడా అచ్చు వేయాలని మిమ్మల్ని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు