దేవుడే చూసుకున్నాడు అన్నాను, ఎవరి చేత అన్నది చెప్పలేదు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

మా ఆయనకు గుండె ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. ఇప్పుడు మెల్లగా మెట్లు ఎక్కుతున్నారు, ఆరాధనలో పాటలు కూడా పాడుతున్నారు. పోయిన నెల సంఘంలో సాక్ష్యం చెబుతూ "యెహోవా యీరే, అంతా దేవుడే చూసుకున్నాడు" అన్నాను. అది నిజమే. కానీ ఎవరి చేత చూసుకున్నాడో ఒక్క ముక్క చెప్పకుండా వచ్చి కూర్చున్నాను. అప్పటి నుంచి మనసులో అదే గుచ్చుకుంటోంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆలస్యం చేయవద్దని డాక్టర్లు చెప్పిన రాత్రి, కట్టాల్సిన డబ్బులో సగం కూడా నా దగ్గర లేదు. టెన్షన్‌తో నోట మాట రాలేదు. పాస్టర్ గారికి ఫోన్ చేసి ఏడ్చానంతే. తెల్లారేసరికి సంఘంలోని తమ్ముళ్లు నలుగురు రక్తం ఇవ్వడానికి వచ్చేశారు. రోజు కూలి మీద బతికే ఒక అన్న పని మానుకుని, "నువ్వు పిల్లల దగ్గరికి వెళ్లమ్మా" అని నన్ను ఇంటికి పంపి, ఐదు రాత్రులు ఐసీయూ బయట నేల మీదే పడుకున్నాడు. ఆ ఐదు రోజుల కూలి పోతే వాళ్లింట్లో ఎలా గడిచిందో నేను అప్పుడు అడగనే లేదు.

ఇక మా టీచరమ్మ గారు. రిటైరై చాలా ఏళ్లైంది, ఒంటరి మనిషి. ఒక కవరు నా చేతిలో పెట్టి "లెక్కపెట్టకు, ముందు కట్టేసి రా" అన్నారు. అది ఆవిడ కంటి శుక్లాల ఆపరేషన్ కోసం దాచుకున్న డబ్బని నాకు రెండు నెలల తర్వాత తెలిసింది. ఆవిడ బైబిలును ముఖానికి ఆనించుకున్నట్టు పట్టుకుని చదవడం ఎన్ని ఆదివారాలు చూశానో. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

అది తెలిసిన రోజు ఇంటికొచ్చి బైబిలులో ఆదికాండం 22వ అధ్యాయం మళ్లీ తీశాను. కొడుకు ఇస్సాకును బలి ఇమ్మని దేవుడు అడిగితే అబ్రాహాము బయలుదేరి మూడో రోజుకు మోరీయా కొండ దగ్గరికి వచ్చాడు. కట్టెలు ఇస్సాకే మోశాడు. గొఱ్ఱెపిల్ల ఏదని కొడుకు అడిగితే దేవుడే చూసుకుంటాడని తండ్రి చెప్పాడు. అబ్రాహాము ఆ చోటికి పెట్టిన పేరే యెహోవా యీరే. అందులోని "యీరే" అన్న హెబ్రీ మాటకు మూలం చూడడమే. మన తెలుగులో చూసుకోవడం అంటే చూడడమూ ఉంది, భారం తన మీద వేసుకోవడమూ ఉంది. ఎంత చక్కగా కుదిరిందో! ఇన్నాళ్లూ ఆ కథలో నేను ఇస్సాకు బతికి కొండ దిగడమే చూశాను. కొమ్ములు పొదలో చిక్కుకుని, ఇస్సాకుకు బదులు బలైన పొట్టేలు మాత్రం దిగలేదు. దేవుడు సమకూర్చినది అక్కడ ఒక ప్రాణం. లోకపాపాన్ని మోసుకుపోయే దేవుని గొఱ్ఱెపిల్ల అని బాప్తిస్మమిచ్చే యోహాను యేసును చూపించినప్పుడూ అంతే. మనకు ఉచితంగా అందిన కృపకు ఆయన తన రక్తంతో వెల చెల్లించాడు.

అపొస్తలుడైన పౌలు చెరలో ఉండి ఫిలిప్పీ సంఘం వాళ్లకు రాసిన పత్రికలోనూ ఒక కృతజ్ఞత ఉంది. వాళ్లు పంపిన కానుక తెచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావుకు దగ్గరయ్యాడు. పౌలు అతని పేరు రాశాడు, అతను ప్రాణానికి తెగించాడనీ రాశాడు, ఆ కానుకను దేవునికి ఇష్టమైన యాగం అన్నాడు. దేవుడు మీ ప్రతి అవసరాన్నీ తీరుస్తాడన్న మాట, మనం గోడలకు తగిలించుకునే మాట, ఆ వెంటనే వస్తుంది. కష్టంలో తనకు తోడు నిలిచినవాళ్లకే ఆయన ఆ మాట రాశాడు.

రక్తమిచ్చిన తమ్ముళ్లూ, నేల మీద పడుకున్న అన్నా, మా పిల్లలకు అన్నం పెట్టి స్కూలుకు పంపిన అక్కలూ, రాత్రంతా మోకాళ్ల మీద ప్రార్థించిన పాస్టర్ గారూ, అమ్మగారూ, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయలేదు. మా ఆయన ప్రతి రాత్రి ఒక్కొక్కరి పేరూ ఎత్తి ప్రార్థన చేస్తున్నారు.

టీచరమ్మ గారూ, ఇది మీకు ఎవరో చదివి వినిపించాలని నాకు తెలుసు. మీ కోసం మేం కూడబెట్టింది సరిపోయింది. వచ్చే వారం మీ ఆపరేషన్‌కు పక్కన నేనుంటాను. కట్టు విప్పేదాకా అధ్యాయాలు నేనే చదువుతాను.